పోడు కాల్చడం మానితే మొదటి రెండేళ్లు గడిచేదెట్లా?

నల్లమలలో అమ్రాబాద్ వైపు వాలు చెలకల సంగతి తెలిసినోళ్లు చెప్పండి. పోడు సాగులో చెట్లు నరికి, ఎండబెట్టి, తొలకరికి ముందు కాలిస్తే బూడిదలో పొటాష్ దొరుకుతది, కలుపు గింజలు చాలావరకు మాడిపోతయి. ఎరువు కొనకుండానే మొదటేడు జొన్న, కొర్ర పండుతయి. అందుకే మానరు, అజ్ఞానంతో కాదు. కానీ నత్రజని పొగలో పోతది, పైమట్టి వానకు కొట్టుకపోతది, రెండు మూడేళ్లకు కలుపే మిగులుతది. ఏండ్ల తరబడి బీడు పెడితే నేల తేరుకునేది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సాగుభూమికి హక్కుపత్రం గరిష్ఠంగా 4 హెక్టార్లకే, అదీ ఏటా చోటు మార్చకుండా ఒకే చోట ఉండే చెలకకు. ఇంక బీడెక్కడ?

కాల్చకుండా నాలుగు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేసి, వాలుకు అడ్డంగా రాతికట్టలు పెడితే సరిపోతదా? కట్టకూ కట్టకూ ఎంత ఎడం? కలుపు కూలి ఎంతైతది?