టీమక్స్‌లో తెలుగు ఫైల్ పేర్లు వస్తే స్క్రీన్ చెదిరిపోతోంది

నల్లతెర:
అందరికీ నమస్తే. ఒక ఫోల్డర్ నిండా తెలుగు పేర్లతో ఫైల్స్ ఉన్నాయి, సర్వర్ మీద, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయ్యి టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రామ్) పని చేస్తాను. ఎల్‌ఎస్ (ఫైల్స్ జాబితా చూపే కమాండ్) కొడితే కాలమ్స్ ఒకదానికొకటి అతకవు, ట్యాబ్ కొట్టి పేరు పూర్తి చేశాక బ్యాక్‌స్పేస్ నొక్కితే చెరిగిపోవాల్సిన అక్షరం అక్కడే ఉండి దాని పక్కది పోతుంది, కాసేపటికి ప్రాంప్ట్ కూడా సగం తినేస్తుంది. ఎంటర్ కొడితే మాత్రం కమాండ్ సరిగ్గానే నడుస్తోంది, అంటే లోపల టెక్స్ట్ బాగానే ఉంది, కనిపించడంలోనే తేడా. కంట్రోల్ ఎల్ కొడితే కాస్త సర్దుకుని మళ్లీ మొదలు. ఇంకోటి, ఒత్తులు ఏవీ కలవట్లేదు, "పుస్తకం"లో స్‌కి పొల్లు విడిగా, త విడిగా కనిపిస్తాయి. లొకేల్ (భాష, అక్షరాల ఎన్‌కోడింగ్ సెట్టింగ్) యూటీఎఫ్-8 అనే చూపిస్తోంది. ఏం చూడాలి?

బాష్‌బాబాయ్:
ఫాంట్ సమస్య బ్రో. నోటో సాన్స్ తెలుగు వేసుకుని టెర్మినల్ సెట్టింగ్స్‌లో మార్చు, సరిపోతుంది.

నల్లతెర:
అది ఉంది బ్రో, వేరే ఫాంట్లు కూడా మార్చి చూశా, అక్షరాల అందం మారింది తప్ప కర్సర్ పాట కర్సర్‌దే.

గడికోడ్:
ఫాంట్ కాదండి ఇది. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి, ఒత్తులది ఒకటి, కర్సర్‌ది ఒకటి, వాటిని విడదీయకపోతే ఎంత తవ్వినా తేలదు. ఒత్తుల సంగతి తర్వాత చూద్దాం.

ముందు లొకేల్‌ని పక్కన పెట్టేయొచ్చు. అది నిజంగా పాడై ఉంటే ఎల్‌ఎస్ మీకు తెలుగే చూపించదు, బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అంటూ అంకెలో, ప్రశ్నార్థకాలో పరుస్తుంది. టీమక్స్‌కి యూటీఎఫ్-8 అని తెలియకపోతే అక్షరాల చోట అండర్‌స్కోర్లు పెడుతుంది. మీకు ఈ రెండూ లేవు కదా.

అసలు విషయం ఏంటంటే టెర్మినల్ అంటే గళ్ల కాగితం లాంటిది, ప్రతి అక్షరం ఒక గడో రెండు గడులో తీసుకోవాలి, గుణింతం గుర్తయితే సున్నా కూడా కావచ్చు. ఎన్ని గడులన్నది ఎల్‌ఎస్, బాష్ (మనం కమాండ్లు కొట్టే షెల్) లాంటివి టెర్మినల్‌ని అడగవు, జీలిబ్‌సీలో (లినక్స్ మూల సీ లైబ్రరీ) ఉన్న డబ్ల్యూసీవిడ్త్ అనే ఫంక్షన్‌ని అడిగి తమ లెక్క తాము వేసుకుంటాయి. టీమక్స్ మళ్లీ తన లెక్క తాను వేస్తుంది, మీ ముందున్న టెర్మినల్ ఇంకో లెక్క. అందరిదీ ఒకటే లెక్క అయితే గొడవ లేదు, ఒక్కరు తేడాగా లెక్కేస్తే కర్సర్ ఎక్కడుందన్న దాని మీద ఒకరికొకరికి పొసగదు, మీరు చూస్తున్నది అదే.

తెలుగుతో ఇది ఎక్కువ ఎందుకు బయటపడుతుందంటే యూనికోడ్ మన గుణింతాన్ని రెండు కేటగిరీలుగా పెట్టింది. కా కి కీ కె కే కై కొ కో కౌ, వీటి గుర్తులు, పొల్లు కూడా, చోటు తీసుకోని రకం. కు కూ కృ గుర్తులు, అనుస్వారం (ం), విసర్గ మాత్రం చోటు తీసుకునే రకం. జీలిబ్‌సీ దీన్ని ఉన్నదున్నట్టు పాటిస్తుంది కాబట్టి దాని లెక్కలో "కి" ఒక గడి, "కు" రెండు గడులు. కొన్ని లైబ్రరీలు రెండో రకాన్ని కూడా సున్నా గడులు అనేస్తాయి. తేడా పుట్టేది సరిగ్గా అక్కడే.

టెస్ట్ చేయండి. ప్రింట్ఎఫ్‌తో క్యారేజ్ రిటర్న్ (బ్యాక్‌స్లాష్ ఆర్), వెంటనే కు, దాని వెంటనే బ్యాక్‌స్లాష్ 033, ఎడమ స్క్వేర్ బ్రాకెట్, 6, చిన్న ఎన్ పంపించి, అదే లైన్లో సెమికోలన్ పెట్టి క్యాట్ నడపండి. కర్సర్ ఎక్కడుందో టెర్మినల్ జవాబిస్తుంది, చివర పెద్ద ఆర్ ఉంటుంది, దాని ముందు సెమికోలన్ తర్వాత ఉన్న అంకె చూడండి. 3 వస్తే కు రెండు గడులు, 2 వస్తే ఒక గడి. చూశాక కంట్రోల్ సీ. ఇదే కి తో కూడా. టీమక్స్ లోపల ఒకసారి, బయట ఒకసారి చేయండి, లోపల చేసినప్పుడు జవాబిచ్చేది టీమక్సే, మీ టెర్మినల్ కాదు. కళ్లతో చూసి గడులు లెక్కపెట్టొద్దు, బొమ్మ గడి దాటి పక్కకి వచ్చేస్తుంది, మోసపోతారు. అలాగే సర్వర్లో కు ని డబ్ల్యూసీకి హైఫన్ పెద్ద ఎల్ ఇచ్చి పంపితే సర్వర్ ఎంత అనుకుంటోందో చెప్తుంది.

నల్లతెర:
చేశానండి. బయట కి 2, కు 3. టీమక్స్ లోపల రెండూ 2. డబ్ల్యూసీ కు ని 2 గడులు అంటోంది. అంటే టీమక్సేనా?

గడికోడ్:
అంతే. మీ టెర్మినల్, సర్వర్ ఒకే మాట మీద ఉన్నాయి, మధ్యలో ఉన్నది ఒప్పుకోవట్లేదు. టీమక్స్ కంపైల్ చేసేటప్పుడు యూటీఎఫ్8ప్రాక్ అనే లైబ్రరీ వాడమని చెప్పొచ్చు, అప్పుడు అది సిస్టమ్ పట్టిక వదిలేసి దాన్ని చూస్తుంది. సర్వర్లో టైప్ హైఫన్ ఏ టీమక్స్ అని కొట్టండి, ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయేమో.

నల్లతెర:
రెండున్నాయి! యూజర్ లోకల్ బిన్‌లో ఒకటి, అది ఎవరో అడ్మిన్ ఎప్పుడో సోర్స్ నుంచి కట్టినట్టున్నారు, యూజర్ బిన్‌లో ఇంకోటి డిస్ట్రో (మా లినక్స్ పంపిణీ) ప్యాకేజీది. పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) మొదటిదే ముందొస్తోంది. డిస్ట్రోది పూర్తి పాత్ ఇచ్చి నడిపినా కు 2 అనే వస్తోంది మరి.

పొల్లుమామ:
పాత టీమక్స్ సర్వర్ (వెనకాల నడిచే దాని ప్రాసెస్, మెషీన్ కాదు) ఇంకా నడుస్తూ ఉంటుంది, నువ్వు కొత్తది పిలిచినా అది పాత సర్వర్‌కే వెళ్లి తగులుకుంటుంది. అన్నీ సేవ్ చేసుకుని టీమక్స్ కిల్-సర్వర్ కొట్టి మళ్లీ మొదలుపెట్టు. సెషన్లన్నీ పోతాయి చూసుకో, నడుస్తున్న జాబ్స్ ఉంటే అవి అయ్యాకే.

నల్లతెర:
వచ్చేసింది. కు 3. ఎల్‌ఎస్ కాలమ్స్ నిటారుగా నిలబడ్డాయి, బ్యాక్‌స్పేస్ కూడా బుద్ధిగా ఉంది. మీ ఇద్దరికీ చాలా థాంక్స్. కాకపోతే విమ్ ఎడిటర్‌లో కర్సర్ ఇంకా కొంచెం అటూ ఇటూగా ఉంది, ఒత్తులూ అలాగే ఉన్నాయి.

గడికోడ్:
విమ్‌కి సొంత పట్టిక ఉందండి, జీలిబ్‌సీని అడగదు, గుణింతం గుర్తుల్ని హల్లుకే అంటించేస్తుంది. కర్సర్ ఏ అక్షరం మీద ఉందో అనుమానమొస్తే జీ ఏ నొక్కండి, కింద కోడ్లు అన్నీ చూపిస్తుంది. దాంతో నెట్టుకురావడమే, నాకు తెలిసి శుభ్రమైన దారి లేదు.

ఒత్తులు కలవాలంటే స్, త రెండింటినీ కలిపి ఒకే ముక్కగా ఫాంట్ ఇంజిన్‌కి ఇవ్వాలి. చాలా టెర్మినల్స్ గడి గడికి విడిగా గీస్తాయి, స్ ఒక గడి, త ఇంకో గడి, అవి కలిసే అవకాశమే లేదు, అందుకే ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం లేకపోయింది. యూనికోడ్ 15.1 (2023)లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని ఒకే ముక్కగా చూడమని రూల్ మార్చారు, కానీ దాన్ని ప్రతి ప్రోగ్రామూ అందుకునేసరికి ఇప్పుడు మీరు పడ్డ తిప్పలే ఇంకో రూపంలో వస్తాయని నా అనుమానం, ఒకటి పాత రూల్, ఒకటి కొత్త రూల్. ఇప్పటికి భారతీయ లిపుల్ని పట్టించుకుని రాసిన టెర్మినల్ కావాలంటే ఎంఎల్‌టర్మ్ ప్రయత్నించండి, చూడ్డానికి పాతకాలం దానిలా ఉంటుంది, పైన చేసిన టెస్ట్ దాంట్లో మళ్లీ చేసుకోండి.

కొత్తగాచేరా:
మధ్యలో దూరుతున్నా సారీ, నాకు గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) స్టేటస్‌లో తెలుగు ఫైల్ పేర్ల చోట పైన చెప్పిన 340 260 అంకెలే వస్తున్నాయి, ఎల్‌ఎస్‌లో మాత్రం తెలుగు బాగానే ఉంది. నాది కూడా టీమక్సేనా?

పొల్లుమామ:
కాదు, అది గిట్ కావాలనే చేసే పని. గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ని ఫాల్స్ చెయ్, పేర్లు తెలుగులోనే వస్తాయి.