టోల్‌బూత్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ పట్టణం గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అక్కడ బ్రాడ్ స్ట్రీట్‌లో 'టోల్‌బూత్' అనే పాత భవనం ఉంది. నేను 'టోల్‌గేటు' అని రాసేశాను. తీరా తర్వాతి పేరాలో అక్కడ కౌన్సిల్ కూర్చునేదనీ, ఖైదీలను ఉంచేవారనీ వచ్చింది. టోల్‌గేటులో ఖైదీలేమిటి? మంచి మాట ఉంటే చెప్పండి.

జవాబు:
మాట పుట్టింది మాత్రం సుంకం నుంచేనండీ. సంతకొచ్చే సరుకు మీద సుంకం కట్టించుకునే పాక అది. తెలుగు బైబిల్లో మత్తయి సువార్త 9:9 చూడండి, 'సుంకపు మెట్టునొద్ద కూర్చుండియున్న మత్తయి' అని ఉంటుంది. 14వ శతాబ్దపు విక్లిఫ్ ఇంగ్లిష్ బైబిల్లో సరిగ్గా అదే చోట ఉన్న మాట టోల్‌బూత్. 'సుంకపు మెట్టు' అనేయండి.

ఇంకో జవాబు:
సుంకపు మెట్టు! ఎంత చక్కటి మాట గుర్తుచేశారండీ. కానీ ఈ భవనానికి అది చాలదు. ఇప్పుడక్కడ నిలిచి ఉన్నది సర్ విలియం బ్రూస్ నమూనా ప్రకారం 1703-05లో కట్టింది. అప్పటికే స్కాట్లండ్ ఊళ్లలో టోల్‌బూత్ అంటే కౌన్సిల్ గది, కోర్టు, ఖైదు, గంట గోపురం అన్నీ ఒకే కప్పు కింద. 1820 సెప్టెంబర్ 8న జాన్ బెయిర్డ్, ఆండ్రూ హార్డీ అనే ఇద్దరు నేతపనివాళ్లను రాజద్రోహ నేరం మోపి దీని ముందే ఉరితీశారు. 'సుంకపు మెట్టు ముందు ఉరితీశారు' అంటే మనకు ఊరి పొలిమేర కనిపిస్తుంది. జరిగింది నడి ఊళ్లో, ఊరి అధికారమంతా కొలువున్న చోట.

అందుకే నేను 'చావడి' అంటాను. తగువులు తీర్చినా, శిస్తు వసూలు చేసినా, దొంగను పట్టి కూర్చోబెట్టినా మన ఊళ్లలో చావడిలోనే కదా. 17వ శతాబ్దంలో మద్రాసులో కంపెనీవాళ్లు న్యాయం చెప్పే చోటుని 'చౌల్ట్రీ' అన్నారు. అది మన చావడికి వాళ్ల నోట పడ్డ రూపమే. ఒక పరాయి మాటకు ఇంత దగ్గరి జోడీ దొరకడం అరుదు, వదులుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
మరి 'పురమందిరం' అంటే? నెల్లూరు టౌన్‌హాలుని అలాగే అంటాం కదా.

ఇంకో జవాబు:
పురమందిరం అనగానే సభలు, నాటకాలు గుర్తొస్తాయి, సంకెళ్లు గుర్తురావు. అయితే 2002 నుంచి అదే టోల్‌బూత్‌లో సంగీత కచేరీలు జరుగుతున్నాయి, ఆ సంగతి చెప్పే పేరాకి పురమందిరం బాగా కుదురుతుంది. అంతకు చాలా ముందే టోల్‌బూత్ పాత పనులు ఒక్కొక్కటే బయటికెళ్లాయి. 1847లో వేరే జైలు కట్టారు. 1914లో మునిసిపల్ భవనాలకు శంకుస్థాపన చేశారు. ఆ కొత్త కట్టడాన్ని మాత్రం చావడి అనకండి, అది పురపాలక కార్యాలయమే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఆ వాక్యం ఇలా మార్చాను: 'ఆ నేతపనివాళ్లిద్దరినీ ఊరి చావడి ముందే ఉరితీశారు.'