ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు

తణుకు_డీటీపీ

అందరికీ నమస్కారం. మాది తణుకులో చిన్న డీటీపీ సెంటర్. సిస్టమ్ పాతదే: నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మొన్న గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆ తర్వాత ఆన్ చేస్తే లోపల ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, ముందు లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి నల్లగా అయిపోతోంది. బీప్ కూడా లేదు.

ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, ఇలాంటివి ఇప్పుడు దొరకవు, కొత్త సిస్టమ్ కొనుక్కోండి అన్నారు. కొనడానికి ఇబ్బంది లేదు గానీ నా పనంతా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఏళ్ళనాటి ఫైళ్ళన్నీ దీంట్లోనే తెరుచుకుంటాయి. పైగా ముహూర్తాల సీజన్, పెళ్ళి కార్డులు ఒప్పుకుని ఉన్నాను. నిజంగా బోర్డే పోయిందని తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

బెజవాడ_బైట్

ముందు ఒక మాట: హార్డ్‌డిస్క్‌కి ఏమీ అయి ఉండదు, కంగారు పడకండి. డిస్క్ విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ పెట్టి వేరే సిస్టమ్‌కి తగిలిస్తే ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు. డిస్క్ పెద్ద సైజుది (3.5 అంగుళాలది) అయితే అడాప్టర్ ఉన్న కేబుల్ కావాలి, ఒక్క యూఎస్‌బీ కరెంటు చాలదు. ఒప్పుకున్న కార్డుల పని అయినా ఆగకుండా ఉంటుంది.

బోర్డు సంగతికొస్తే, కీబోర్డులో నమ్ లాక్ నొక్కి చూడండి. లైటు ఆరి వెలుగుతుంటే సిస్టమ్ లోపల నడుస్తోంది, తేడా మానిటర్ దగ్గరో కేబుల్ దగ్గరో ఉంది. లైటు కదలకపోతే సిస్టమ్ అసలు మొదలవ్వట్లేదు.

తణుకు_డీటీపీ

నమ్ లాక్ లైటు అసలు వెలగట్లేదండి. మానిటర్‌ని మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాం, బాగానే వస్తోంది.

కాకినాడ_తీరం

ర్యామ్ తీసి తుడిచి పెట్టండి. మా వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్ట్‌లు మసకబారిపోతాయి, నూటికి తొంభై కేసులు అక్కడే తేలిపోతాయి. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని వదిలి, రెండు ర్యామ్‌లూ బయటికి తీయండి. పెన్సిల్ రబ్బరుతో బంగారు రంగు గీతల మీద మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్కటే పెట్టి చూడండి. రాకపోతే అదే ర్యామ్ రెండో స్లాట్‌లో. ఆ తర్వాత రెండో ర్యామ్.

ఓరుగల్లు_బెంచ్

రబ్బరు వాడకుండ్రి అని నేను గట్టిగ చెప్తున్న. ఒక్కసారికి ఏం కాదు, నిజమే, కానీ రుద్దినప్పుడల్లా మీది పూత అరుగుతది, రబ్బరు పొడి స్లాట్ల పడితే ఇంకో బాధ. ఎలక్ట్రానిక్స్ షాపుల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతది, దూదితోని తుడిస్తే చాలు. శానిటైజర్ మాత్రం వద్దు. దాంట్ల గ్లిజరిన్ ఉంటది, ఆరినంక జిగట పొర మిగులుతది. కరోనా తర్వాత నా బెంచి మీదికి అట్ల తుడిచిన ర్యాములు చాన వచ్చినయ్.

తణుకు అన్నా, ర్యామ్ చూసుడు అయినంక ఒక పని చెయ్యి. రెండు ర్యాములూ పూర్తిగ తీసేసి ఆన్ చెయ్యి. బోర్డుకు చిన్న స్పీకర్ తగిలించి ఉంటే బీప్ రావాలె. ర్యామ్ లేదని బీప్ కొడుతున్నదంటే ప్రాసెసర్ బతికే ఉన్నది, బోర్డు కూడ చానా మటుకు బతికే ఉన్నది. స్పీకర్ లేకపోతే కొని పెట్టు, చాలా తక్కువకే వస్తది. అది లేకుండ బీప్ రాలేదని చెప్పుడుకు అర్థం లేదు.

కరీంనగర్_గేమర్

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, నాదీ ఇదే బాధ. నాది ఐ5 12400ఎఫ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది. నల్ల స్క్రీన్ వస్తే యూట్యూబ్‌లో చెప్పినట్టు కార్డు తీసేసి, హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టిన. అయినా రావట్లేదు. బోర్డు కూడా పోయినట్టేనా?

బెజవాడ_బైట్

లేదు బ్రో. చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా ఆ పోర్టులోంచి ఎప్పటికీ బొమ్మ రాదు, బోర్డు ఎంత బాగున్నా సరే. రైజెన్ 5 5600 వాళ్ళకీ ఇంతే. స్నేహితుల దగ్గర ఏదైనా పాత కార్డు అడిగి తెచ్చుకుని పెట్టి చూడు.

ఇంకొకటి, మీ బోర్డు కొత్తది కాబట్టి అంచున చిన్న లైట్లు నాలుగు ఉన్నాయేమో చూడు. సీపీయూ, డ్రామ్ (అంటే ర్యామ్), వీజీఏ (అంటే గ్రాఫిక్స్), బూట్ అని పక్కనే రాసి ఉంటుంది. ఏ లైటు వెలిగి అలాగే ఉండిపోతే తేడా అక్కడ. నీ కార్డు పెట్టి ఆన్ చేసి వీజీఏ దగ్గర ఆగితే, కార్డుకి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే పిన్నులు పూర్తిగా దిగాయో లేదో ముందు చూడు. ఆరు పిన్నులకి పక్కన విడిగా రెండు పిన్నుల ముక్క ఉంటుంది, చాలాసార్లు అది సగమే దిగి ఉంటుంది.

డల్లాస్_తెలుగోడు

కొత్త సిస్టమ్‌ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. రైజెన్ 7000 సిరీస్, డీడీఆర్5 ర్యామ్‌తో కొత్తగా బిల్డ్ చేసినవాళ్ళు మొదటిసారి ఆన్ చేసినప్పుడు నల్ల స్క్రీన్ చూసి భయపడకండి. బోర్డు ఆ ర్యామ్‌ని పరీక్షించుకుంటూ టైమింగ్‌లు సరిచూసుకుంటుంది. దానికి చాలా నిమిషాలు పట్టొచ్చు, ఈలోగా స్క్రీన్ మీద ఏమీ కనపడదు. మధ్యలో పవర్ ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మా తమ్ముడు హైదరాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌లో పార్టులు కొని బిల్డ్ చేసుకుని రాత్రిపూట నాకు వీడియో కాల్ చేశాడు, అన్నీ పోయాయని. కదపకుండా వదిలేసి భోజనం చేసి రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్) స్క్రీన్ వచ్చి ఉంది. సీమాస్ క్లియర్ చేసినా, అంటే బోర్డులో దాచిన సెట్టింగులు చెరిపేసినా, ఇదంతా మళ్ళీ జరుగుతుంది.

తణుకు_డీటీపీ

ఓరుగల్లు గారూ, స్పీకర్ తెచ్చి పెట్టాను. ర్యామ్ తీసేసినా బీప్ రావట్లేదు. ర్యామ్‌లు ఆల్కహాల్‌తో తుడిచి మార్చి మార్చి పెట్టాను, మార్పు లేదు. ప్రాసెసర్ పక్కనున్న నాలుగు పిన్నుల కనెక్టర్ కూడా తీసి గట్టిగా పెట్టాను. షాపతను చెప్పినట్టు బోర్డేనేమో అనిపిస్తోంది. ఎస్‌ఎంపీఎస్ అతనే పరీక్షించాడు. బోర్డు నుంచి పీకి, గ్రీన్ వైరుకీ నల్ల వైరుకీ క్లిప్ పెట్టి చూపించాడు, ఫ్యాన్ తిరిగింది.

ఓరుగల్లు_బెంచ్

అన్నా, ఆగు. అసలు మాట ఇక్కడనే ఉన్నది, జెర నిమ్మళంగ చదువు.

ఫ్యాన్ తిరుగుడుకు 12 వోల్టులు వస్తే చాలు. ఆ 12 వోల్టులు అంత శుభ్రంగ లేకున్నా ఫ్యాన్ తిరుగుతది. బండి హెడ్‌లైటు వెలిగిందని ఇంజన్ బాగున్నదంటమా? ఇదీ అంతే. క్లిప్ పెట్టి చూసుడు అంటే లోడ్ ఏం లేకుండ ఎస్‌ఎంపీఎస్‌ను లేపుడు మాత్రమే. ఆ పరీక్ష పాస్ అయి కూడ బోర్డును లేపలేని ఎస్‌ఎంపీఎస్‌లు నేను లెక్కలేనన్ని చూసిన.

ఇగ అసలు సంగతి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ల బూడిద రంగు వైరు ఒకటి ఉంటది, ఎనిమిదో పిన్ను. దాన్ని పవర్ గుడ్ అంటరు. ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయినంక, అన్ని వోల్టేజీలు నిలకడకు వచ్చినయ్ అని తనే చూసుకొని, సగం సెకనుల్నే ఆ వైరు మీద 5 వోల్టులు పంపుతది. అది అందేదాంక బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లనే పట్టుకొని ఉంటది. అంటే ప్రాసెసర్ ఒక్క అడుగు కూడ వెయ్యదు. బీప్ రాదు, నమ్ లాక్ వెలగదు, డిస్‌ప్లే రాదు. ఫ్యాన్లు మాత్రం హాయిగ తిరుగుతయ్. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ఇవే. బోర్డు పోయినా అచ్చం గిట్లనే కనపడుతది, అందుకే బోర్డు పోయిందని చెప్పేస్తరు.

మల్టీమీటర్ దొరుకుతదా? డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. కనెక్టర్ బోర్డుకు పెట్టే ఉంచు, తియ్యకు. నల్ల ప్రోబ్ క్యాబినెట్ ఇనుముకో నల్ల వైరుకో. ఎర్ర ప్రోబ్ కనెక్టర్ వెనకనుంచి వైరు దిగే సందులకు. ముందు ఆన్ చెయ్యకుండనే, ప్లగ్ ఉంటే చాలు, ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు ఉండాలె. తర్వాత ఆన్ చేసి పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 చూడు. ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే పసుపు 11.4 నుంచి 12.6 దాంక. ఆఖరుకు ఊదా వైరు పక్కనే ఉన్న బూడిద వైరు. అది 5 దగ్గర నిలవాలె. పక్క పక్క పిన్నులకు ప్రోబ్ ఒకేసారి తగలకుండ చూసుకో.

వైర్లన్నీ నలుపే ఉన్న ఎస్‌ఎంపీఎస్ అయితే పిన్ను లెక్కపెట్టుకోవాలె. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకు. మన 230 వోల్టులు లోపల డీసీ అయ్యేసరికి 300 దాటుతది, ప్లగ్ తీసినా కెపాసిటర్‌ల అది కొంతసేపు నిలిచి ఉంటది.

కాకినాడ_తీరం

ఇది నాకూ కొత్త సంగతి. మరి వోల్టేజీలన్నీ సరిగ్గా చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

ఓరుగల్లు_బెంచ్

కాదన్నా. మీటర్ సగటు మాత్రమే చూపెడుతది. లోపల కెపాసిటర్లు ఎండిపోతే వోల్టేజీ సన్నగ వణుకుతుంటది, మీటర్‌ల అది కనపడదు. తప్పు చూపెడితే తప్పే, ఒప్పు చూపెడితే మాత్రం ఇంకో మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూసినంకనే బోర్డు మీద మాట చెప్పాలె.

కడప_టీచరమ్మ

నమస్తే సార్. మా ఇంట్లో వేరే రకం. విండోస్ 11, లోగో వస్తుంది, పాస్‌వర్డ్ కూడా కొట్టనిస్తుంది, ఆ తర్వాత నల్ల తెర మీద మౌస్ బాణం ఒక్కటే. అప్‌డేట్ అయినప్పటినుంచి ఇంతే. ఇది కూడా ఎస్‌ఎంపీఎస్ వల్లేనా?

బెజవాడ_బైట్

కాదు మేడమ్, లోగో దాకా వచ్చిందంటే మీ హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి రెప్ప వేసినట్టు అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలైనట్టు. దానికీ రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తే అందులో కొత్త టాస్క్ దగ్గర ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేయండి. డెస్క్‌టాప్ వచ్చేస్తే గొడవ అక్కడే.

రాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి. లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. అలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 అంకె. అక్కడ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్ రోల్‌బ్యాక్ చేయండి, అంటే పాత వెర్షన్‌కి మార్చండి. మధ్యలో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) అని 48 అంకెల కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే ఫోన్‌లో తెరిచి రాసుకుని కూర్చోండి.

కడప_టీచరమ్మ

డ్రైవర్ రోల్‌బ్యాక్‌తో వచ్చేసింది సార్. నిజంగానే కీ అడిగింది, రాసి పెట్టుకోవడం మంచిదైంది. పిల్లల మార్కుల షీట్లన్నీ అందులోనే ఉన్నాయి. చాలా థాంక్స్.

తణుకు_డీటీపీ

ఓరుగల్లు గారూ, మా పక్కింటి ఎలక్ట్రీషియన్‌ని మీటర్‌తో పిలిచాను. ఊదా వైరు 5.0. పసుపు 11.2, ఎరుపు 4.9, నారింజ 3.3. బూడిద వైరు సున్నా దగ్గరే ఉండిపోతోంది, అప్పుడప్పుడు కాస్త లేచి పడిపోతోంది.

ఓరుగల్లు_బెంచ్

దొరికింది అన్నా. పసుపు కూడ హద్దు కిందికి జారింది చూసినవా? ఎక్కడన్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టు. క్యాబినెట్‌ల బిగించే పని లేదు, పక్కన పెట్టి 24 పిన్నులది, నాలుగు పిన్నులది తగిలియ్యి చాలు.

తణుకు_డీటీపీ

వచ్చింది!! ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ వాళ్ళది అడిగి పెట్టాను, ఆన్ చేయగానే ఒక్క బీప్, డిస్‌ప్లే. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. అయితే విండోస్ పూర్తిగా రావట్లేదు. ముందు ఎఫ్1 నొక్కమని అడుగుతోంది, తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది. నొక్కితే విండోస్ 7 గుర్తు వచ్చి, నీలం తెర ఒక్క క్షణం మెరిసి రీస్టార్ట్ అవుతోంది.

ఓరుగల్లు_బెంచ్

తేదీ పోయిందంటే బోర్డు మీది బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని గుండ్రం బిళ్ళ, 3 వోల్టులది, మార్చెయ్యి. బ్యాటరీ పోయినప్పుడు బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తయ్. డిస్క్‌తోని బోర్డు మాట్లాడే పద్ధతులు రెండు, పాతది ఐడీఈ, కొత్తది ఏహెచ్‌సీఐ. పాత విండోస్ 7 ఐడీఈ మోడ్‌ల ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఇప్పుడు బయోస్ ఏహెచ్‌సీఐకి మారి ఉంటది, అందుకే ఆ నీలం తెర. బయోస్‌ల సాటా మోడ్ దగ్గరికి పోయి ఐడీఈ పెట్టి సేవ్ చెయ్యి. విండోస్ మళ్ళ ఇన్‌స్టాల్ చెయ్యమని ఎవరన్న చెప్తే ఒప్పుకోకు.

తణుకు_డీటీపీ

ఐడీఈ పెట్టగానే విండోస్ వచ్చేసింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది, కార్డుల ఫైళ్ళన్నీ ఉన్నాయి. ముందు వాటిని బయట డిస్క్‌లోకి కాపీ పెట్టాను. రేపు ఎస్‌ఎంపీఎస్ కొంటాను. ఎన్ని వాట్లది తీసుకోమంటారు?

ఓరుగల్లు_బెంచ్

నీ సిస్టమ్‌కు గ్రాఫిక్స్ కార్డు లేదు, 150 వాట్లు కూడ తాగదు. డబ్బా మీద పెద్దగ రాసిన వాట్లు చూడకు. పక్కన స్టిక్కర్ మీద పట్టిక ఉంటది, దాంట్ల 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నదో చూడు. 450 వాట్లు అని రాసి 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లే ఇచ్చేటివి ఉంటయ్. 14ను 12తోని గుణిస్తే 168 వాట్లే. నీకు 25 ఆంపియర్లు, కరెంటు తక్కువ వృథా చేస్తదని ఇచ్చే 80 ప్లస్ గుర్తు, మూడేండ్ల వారంటీ ఉన్నది ఏదైనా చాలు. సెంటర్‌ల ఎర్తింగ్ ఉన్నదో లేదో అదే ఎలక్ట్రీషియన్‌తోని చూపించుకో, యూపీఎస్ లేకుంటే అది కూడ పెట్టుకో. గాలివానలు ఇంకా ఉన్నయ్.