ట్రాక్టర్ గుద్దితే 'జారిపడ్డాడు' అని రాయించమంటున్నారు, ఏం చేయాలి?

కొండపి అమ్మాయి:
నిన్న రాత్రి మా నాన్న టంగుటూరు నుంచి మోపెడ్ మీద వస్తుంటే పొగాకు బేళ్ల ట్రాక్టర్ వెనక నుంచి గుద్దింది. తొడ ఎముక విరిగింది. ఒంగోలులో ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాం, రేపు రాడ్ వేస్తారంట. కేసు షీటులో రాత్రి 'బండి ప్రమాదం' అని మాత్రం రాసుకున్నారు, వివరం ఇప్పుడు అడుగుతున్నారు. ట్రాక్టర్ మా ఊరాయనదే, వరసకి బాబాయి. పెద్దమనుషులు వచ్చి "కేసు వద్దమ్మా, జారిపడ్డాడని చెప్పండి, ఆపరేషన్ ఖర్చు ఆయనే పెట్టుకుంటాడు" అంటున్నారు. అమ్మ సరేననేట్టు ఉంది. నాన్నది కౌలు సేద్యం. నెలల తరబడి మంచంలో ఉంటే ఇల్లెట్టా గడవాలి? సాయంత్రం లోపు చెప్పాలంట.

నెల్లూరు నర్సు:
అమ్మా, జరిగింది జరిగినట్టే చెప్పండి. నేను క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తాను. రోడ్డు ప్రమాదమంటే ఎమ్మెల్సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు. పోలీసులకి కబురు పెట్టడం డాక్టర్ బాధ్యత, అందుకు మీ ఇష్టంతో పనిలేదు. కేసు తేలేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ఆ భయం పెట్టుకోవద్దు. కానీ కేసు షీటులో మొదట పడిన మాట తర్వాత మారిస్తే ఎవరూ నమ్మరు.

ఇట్టాంటి మాటలు మాకు రోజూ వినపడతాయి. ముంజేయి వాచిపోయి వచ్చినామె "మెట్ల మీద నుంచి పడ్డాను" అంటుంది. పడితే అరచెయ్యి ఆనిస్తాం, మణికట్టు దగ్గర తగులుద్ది. చిటికెన వేలు వైపు ముంజేతి మీద కమిలిందంటే, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుందేమోనని నాకు అనుమానం వస్తుంది. నేనడిగినవాటికి పక్కనున్న మొగుడే జవాబిస్తుంటాడు. అతన్ని మందుల చీటీ ఇచ్చి బయటికి పంపాకే ఆమెను అడుగుతాను. కొందరు అప్పుడు చెప్తారు, కొందరు అప్పుడూ చెప్పరు. చెప్పనివాళ్లు ఇంటికి వెళ్తుంటే నాకు మనసు మనసులో ఉండదు. మీకు చెప్పే వీలుంది, చెప్పండి.

కోర్టు గుమాస్తా, ఒంగోలు:
నర్సమ్మ మాటే నా మాట. కేసు పెడితే బాబాయి ఇల్లు గుల్లవుతుందని మీ అమ్మగారి బాధ అయ్యుంటుంది. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ ఇన్సూరెన్స్, నడిపినవాడికి లైసెన్స్ ఉంటే పరిహారం కట్టేది కంపెనీనే. ముందు ఆ కాగితాలు చూపించమనండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం క్లెయిమ్ ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వెయ్యాలి. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు ఒక్కటీ పారెయ్యొద్దు. కేంద్రం 2025లో తెచ్చిన పథకంలో 7 రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం ఉంది. మీ ఆసుపత్రి అందులో ఉందేమో ఈరోజే అడగండి. దానికీ ప్రమాదమని పోలీసులు ధ్రువీకరించాలి.

పెద్దమనుషులు ఇస్తామన్నది ఆపరేషన్ ఖర్చే కదా? పోయిన పంట కూలి, మళ్లీ రాడ్ తీయించాల్సొస్తే ఆ ఖర్చు ఎవరిస్తారో వాళ్లనే అడగండి.

కొండపి అమ్మాయి:
అడిగానన్నా. ఎవరూ మాట్లాడలేదు. బాబాయికి ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ ఉందన్నాడు, ట్రాలీ సంగతి చూసి చెప్తానన్నాడు. నాన్న నోటితోనే డాక్టర్‌కి ఉన్నది చెప్పించాం. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వస్తున్నాడంట, అమ్మ కూడా పక్కనే ఉంటానంది.