కాలికి కట్టు కట్టే మనిషిని తెలుగులో ఏమంటారు?

మొన్న ఆదివారం మా మేనకోడలి పరుగు చూద్దామని హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియానికి పోయాను. 2021లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన మైదానం అదే. వార్మప్‌లోనే పిల్లకు చీలమండ బెణికింది. ఒక కుర్రాడు సంచి భుజాన వేసుకుని ఉరికొచ్చి, కాలు ఒడిలో పెట్టుకుని, నాలుగు చోట్ల నొక్కి చూసి, తెల్ల టేపు చుట్టి, "ఇవాళ పరుగు వద్దు" అన్నాడు. కోచ్ సార్ కూడా ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

రాత్రి మా అక్క ఫోన్ చేసి, "ఎవరు చూసిన్రురా, డాక్టరా?" అని అడిగింది. కాదన్నాను. "కోచా?" కాదు. "మరెవరు?" నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులో అథ్లెటిక్ ట్రైనర్ అంటారని తెలుసు. మన పేపర్లలో కోచ్ శిక్షకుడే, ట్రైనర్ శిక్షకుడే, జిమ్‌లో బరువులు ఎత్తించేవాడూ శిక్షకుడే. ఈ పనికి మనకంటూ ఒక మాట ఉందా? పెద్దలు చెప్పాలి.

జనగామ, రిటైర్డ్ తెలుగు లెక్చరర్: శిక్షకుడు అనే మాటను అంత తేలిగ్గా వదలకండి. శిక్ష అంటే మనకు జైలు, బెత్తం గుర్తొస్తాయి గానీ, సంస్కృతంలో అది 'శక్' ధాతువు నుంచి వచ్చింది. శక్తి కూడా అక్కడిదే. చేయగలగాలి అనే కోరికే శిక్ష. ఆటగాడికి ఇంతకన్నా దగ్గరి మాట ఏముంది?

నేను: సార్, అర్థం చాలా బాగుంది. కానీ మా అక్కతో "శిక్షకుడు కట్టు కట్టాడు" అంటే, పిల్లను ఎవరో దండించారనుకుంటుంది. ఇంగ్లీషు మాటల సంగతి కూడా చూశాను. ట్రైన్ అంటే లాటిన్‌లో ఈడ్చడం. రైలుకూ ట్రైనింగుకూ మూలం ఒకటే. కోచ్ అంటే హంగరీలో కోచ్ అనే ఊరి గుర్రబ్బండి. విద్యార్థిని పరీక్ష దాటించే ట్యూటర్‌ను 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ పిల్లలు సరదాగా అలా పిలిచారు, అక్కడి నుంచి ఆటల్లోకి వచ్చింది. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగినవాణ్ని, ట్రైనూ కోచూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసనుకున్నాను!

వరంగల్ కోట నుంచి ఒక పెద్దాయన: ఇంగ్లీషు దాకా ఎందుకు తమ్మీ? మా నాయన తాలీంకు, అంటే కుస్తీ గోదాకు, పోయేటోడు. అక్కడ ఉండేటాయన వస్తాదు. పట్లు నేర్పుడు, ఏం తినాలో చెప్పుడు, మాలిష్ చేసుడు, భుజం జారితే సర్దుడు, అన్నీ ఆయనే. నువ్వు అడిగే పని ఆయన పనిలో ఒక ముక్క.

జనగామ లెక్చరర్: పెద్దాయన మంచి మాట గుర్తుచేశారు. వస్తాదు అంటే ఫారసీ ఉస్తాద్, గురువు. మన నోట్లో పడి అర్థం జారింది. "వాడు పెద్ద వస్తాదు" అంటే ఇప్పుడు కండలున్నవాడనే, కొంచెం వెటకారంతో. తాలీం అరబ్బీ మాట, దాని అర్థం చదువు. కుస్తీ గోదాకు చదువు అని పేరు పెట్టుకున్నాం, గురువును మాత్రం కండల మనిషిని చేశాం. ఇంకో మాట. బలంలో సగం వరకే వ్యాయామం చేయాలని, మించితే చేటని సుశ్రుతుడు చెప్పాడు. ఊపిరి నోటికి వచ్చిందంటే సగం అయిందని గుర్తట. "ఇవాళ పరుగు వద్దు" అన్న కుర్రాడికి ఈ లెక్క తెలుసన్నమాట.

నేను: మాలిష్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పాత గ్రీకులో ఈ పనివాళ్లకు ఉన్న పేర్లలో ఒకటి అలైప్టెస్, నూనె పూసేవాడు. ఇంకొకటి పైడోట్రిబెస్, పిల్లల ఒళ్లు రుద్దేవాడు. అచ్చం మన మాలిష్ లాగే. హెరోడికస్ అనే ఒకాయన వ్యాయామాన్నీ వైద్యాన్నీ కలిపితే, ముందు తనను, తర్వాత మిగతావాళ్లను సతాయించాడని ప్లేటో ఎగతాళి చేశాడు. గాలెన్ అనే గ్రీకు వైద్యుడు క్రీ.శ. 157లో పెర్గమాన్ అనే ఊళ్లో గ్లాడియేటర్లకు, అంటే జనం ముందు కత్తులతో పోరాడే యోధులకు, వైద్యుడయ్యాడు. ఆరోగ్యం కాపాడటం వైద్యం కిందికి వస్తుందా, వ్యాయామం కిందికి వస్తుందా అని ఏకంగా ఒక గ్రంథం రాసి, వైద్యం వైపే తీర్పు చెప్పాడు. తాను వైద్యుడే మరి!

కరీంనగర్, ఫిజియోథెరపీ ఫైనలియర్: ఆ తగువు ఇంకా తెగలేదు సార్. కానీ మీరంతా రెండు వృత్తులను కలిపేస్తున్నారు. స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లది. 1928లో సెయింట్ మోరిట్జ్ వింటర్ ఒలింపిక్స్ అప్పుడు వాళ్లు అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. అథ్లెటిక్ ట్రైనర్ వేరు. మైదానం గీత పక్కనే ఉంటాడు, దెబ్బ తగలకముందే టేపు వేస్తాడు, తగిలితే మొదట చేరేది ఆయనే, మళ్లీ ఎప్పుడు ఆడాలో చూసేదీ ఆయనే. అమెరికాలో 1881లో హార్వర్డ్ వాళ్లు ఫుట్‌బాల్ జట్టు కోసం జేమ్స్ రాబిన్సన్‌ను పెట్టుకున్నారు. అక్కడ ఈ వృత్తి కథ ఆయనతోనే మొదలుపెడతారు. ఈ ట్రైనర్లు 1938లో పెట్టుకున్న సంఘం యుద్ధకాలంలో మూతపడితే, 1950లో కాన్సాస్ సిటీలో మళ్లీ పెట్టుకున్నారు. ఆరోగ్య వృత్తిగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గుర్తించింది 1990లో. లెక్కేసుకోండి, రాబిన్సన్ నుంచి 109 ఏళ్లు! అయినా అక్కడ జనం వాళ్లను జిమ్ ట్రైనర్లనే అనుకుంటారు. పేరుతో వాళ్లకూ ఇదే తిప్పలు. మన దగ్గర ఆ పని ఎక్కువగా మా ఫిజియోలే చేస్తారు.

జనగామ లెక్చరర్: అయితే 'క్రీడా సంరక్షకుడు' అందామా?

కరీంనగర్ అమ్మాయి: సార్, అది వాచ్‌మన్ లాగా ఉంది. 😄

వరంగల్ కోట పెద్దాయన: వస్తాదే బాగుండె.

స్పోర్ట్స్ హాస్టల్ పీఈటీ: పుస్తకంలో మాట సంగతి నాకు తెలియదు. మా హాస్టల్ పిల్లలు కోచ్‌ను సార్ అంటారు, డాక్టర్‌ను మేడం అంటారు, టేపు వేసేవాణ్ని మాత్రం "అన్నా" అంటారు. నొప్పి ఎక్కడుందో సార్‌కు చెప్పరు, టీమ్‌లోంచి తీసేస్తారని టెన్షన్. అన్నకు చెప్తారు. అందుకని కొత్త మాట పెట్టేటప్పుడు మరీ పెద్ద హోదా మాట పెట్టకండి.

నేను: పీఈటీ సార్ మాట నాకు నచ్చింది. అక్కకు "ఫిజియో అన్న చూసిండు" అని చెప్పేశా. "గట్ల చెప్పొచ్చు గదా మొన్ననే" అంది. ఆమె వరకు చర్చ ముగిసింది.

కరీంనగర్ అమ్మాయి: ముందు ఆయన ఫిజియోనో కాదో అడిగి రండి సార్.

నేను: ఈ పొద్దున పోయి అడిగాను. కాదట. హర్డిల్స్ పరుగెత్తేవాడు, మోకాలు పోయింది. టేపు వేయడం తనకు వేసినవాళ్లను చూసి నేర్చుకున్నాడు, తర్వాత ఫస్ట్ ఎయిడ్ శిక్షణకు పోయాడు. "మరి నిన్ను ఏమని రాసుకుంటారు తమ్మీ?" అన్నాను. మెడలోని కార్డు తిప్పి చూపించాడు. దాని మీద 'వాలంటీర్' అని ఉంది.