‘హ్యాపీ’ అని ఉన్న ప్రతిచోటా ‘సంతోషం’ అని రాయవచ్చునా?

ప్రశ్న

నమస్కారం. ఆంగ్లంలోని కొన్ని వ్యాసాలను తెలుగులోకి అనువదిస్తున్నాను. ‘హ్యాపీ’ అనేది చిన్ననాడే నేర్చుకున్న మాట కనుక దానితో చిక్కు వస్తుందని అనుకోలేదు. తీరా పని మొదలుపెట్టాక, అది వచ్చిన చోటల్లా ‘సంతోషం’ అని రాస్తే వాక్యం పొసగడం లేదు. ‘ఎ హ్యాపీ చాయిస్ ఆఫ్ వర్డ్స్’ అన్నప్పుడు సంతోషం ఎవరిది? ‘హ్యాపీ యాక్సిడెంట్’ను సంతోషకరమైన ప్రమాదమని రాస్తే చదివేవారు ఏమనుకుంటారు? ఒక నివేదిక విషయంలో కమిటీ ‘నాట్ హ్యాపీ’ అని ఉన్నచోట, కమిటీ దుఃఖించిందని రాయవచ్చునా? ఈ అర్థాలన్నింటినీ కలిపే సూత్రం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు

మీరు అడిగిన సూత్రం ఆ మాట పుట్టుకలోనే ఉన్నది. ‘హ్యాపీ’కి మూలమైన ‘హ్యాప్’ పాత నార్స్ (స్కాండినేవియా ప్రాంతపు పూర్వ భాష) నుంచి ఆంగ్లంలోకి వచ్చింది. దాని అర్థం అదృష్టం, అనుకోకుండా కలిసిరావడం. జరగడాన్ని తెలిపే ‘హ్యాపెన్’, బహుశా అనే అర్థమున్న ‘పర్‌హ్యాప్స్’, అపశ్రుతిని తెలిపే ‘మిస్‌హ్యాప్’, అదృష్టహీనుడికి వాడే ‘హ్యాప్‌లెస్’ అన్నీ ఈ ధాతువు బిడ్డలే. 14వ శతాబ్దం చివరి కాలంలో ‘హ్యాపీ’ అంటే అదృష్టం కలిసివచ్చినవాడు అని అర్థం. మనసులోని ఆనందాన్ని చెప్పడం ఆ తరువాత వచ్చిన సంగతి. ఇది ఆంగ్లానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. జర్మన్ భాషలో అదృష్టానికీ ఆనందానికీ నేటికీ ‘గ్ల్యూక్’ అనే ఒక్క మాటే ఉంది.

పాత అర్థం పూర్తిగా పోలేదు. వాక్యం మొదట ‘హ్యాపీలీ’ అని రాసి కామా పెడితే అది ‘అదృష్టవశాత్తు’ అవుతుంది. ‘అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు’ అనే వాక్యంలో ఎవరూ ఆనందంగా ఉండవలసిన అవసరం లేదు. అదే మాట క్రియకు పక్కన చేరితే ‘సుఖంగా’ అవుతుంది. మీ ‘హ్యాపీ యాక్సిడెంట్’ కూడా ఈ పాత అర్థపు కొమ్మే కాబట్టి, దానిని ‘అనుకోకుండా కలిసివచ్చిన మేలు’ అని రాయండి. మాటల ఎంపిక విషయానికి వస్తే, అక్కడ ‘సముచితమైన’ లేదా ‘చక్కగా అమరిన’ అన్నది సరైన అర్థం.

1611 నాటి ఆంగ్ల బైబిల్లో, సామెతల గ్రంథం మూడవ అధ్యాయంలో, జ్ఞానాన్ని పొందినవాడిని ‘హ్యాపీ’ అన్నారు. తెలుగు బైబిల్లో అక్కడ ‘ధన్యుడు’ అని ఉంది. నా దృష్టిలో ఇంతకంటె మంచి అనువాదం మరొకటి లేదు.

రెండవ జవాబు

పుట్టుక గురించి పైన చక్కగా చెప్పారు. నేను వాడుకకే పరిమితమవుతాను. ‘ఐ యామ్ హ్యాపీ టు హెల్ప్’ అన్నవారు తమ ఆనందాన్ని ప్రకటించడం లేదు, ‘తప్పకుండా సాయం చేస్తాను’ అని సమ్మతి తెలుపుతున్నారు. ‘నాట్ హ్యాపీ’ అన్నది దుఃఖం కాదు, అసంతృప్తి. అధికారిక లేఖల్లో అది చూడటానికి మృదువుగా ఉన్నా తరచుగా గట్టి అభ్యంతరమే అవుతుంది. కమిటీ విషయంలో ‘నివేదిక కమిటీకి తృప్తికరంగా లేదు’ అంటే సరిపోతుంది.

‘హ్యాపీ’ తరువాత వచ్చే, మన విభక్తి చేసే పని చేసే మాటను (ప్రిపోజిషన్) కూడా గమనించండి. ‘హ్యాపీ విత్’ అంటే ఒకదానితో తృప్తి చెందడం; ‘హ్యాపీ ఫర్ యూ’ అంటే ఎదుటివారికి మంచి జరిగినందుకు మనం సంతోషించడం. దీనికి దగ్గరి చుట్టమైన ‘గ్లాడ్’ ఎక్కువగా ఒకానొక సంఘటన వల్ల కలిగిన సంతోషాన్ని చెబుతుంది, మనుషులను తెలిపే నామవాచకానికి ముందు సాధారణంగా రాదు. ‘హ్యాపీ చైల్డ్’ సహజమైన ఆంగ్లం, ‘గ్లాడ్ చైల్డ్’ కాదు.

మూడవ జవాబు

ఒక సవరణ చేయాలనిపించింది. మనం ‘సంతోషం’ అనే మాటను తక్కువగా అంచనా వేస్తున్నాము. అది తృప్తి చెందడాన్ని చెప్పే ‘తుష్’ ధాతువు నుంచి వచ్చింది. పతంజలి యోగసూత్రాల్లోని ఐదు నియమాలలో ఒకటైన సంతోషానికి అర్థం ఉన్నదానితో తృప్తిగా ఉండటమే కానీ కేరింతలు కొట్టడం కాదు. ఒళ్లు పులకరించే ఆనందానికి మనకు ‘హర్షం’ వేరే ఉంది. కాబట్టి ‘హ్యాపీ విత్’కు ‘సంతుష్టి’ హాయిగా సరిపోతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. తెలుగు సంభాషణల్లో మనం వాడే ‘హ్యాపీగా’ తరచుగా ‘నిశ్చింతగా’ అనే అర్థమిస్తుంది. ‘హ్యాపీగా పడుకో’ అన్నప్పుడు దిగులు పెట్టుకోవద్దనే చెబుతున్నాము. ఈ అలవాటు తెలియకుండానే మన అనువాదంలోకి కూడా జారుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇక ఒక్క చోటే ఆగిపోయాను. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో జీవితం, స్వేచ్ఛ అన్న తరువాత వచ్చే ‘పర్‌స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్’ను ‘సుఖాన్వేషణ’ అని రాశాను, కానీ అది భోగాల వెంట పడటంలా వినిపిస్తోంది.

మొదటి జవాబు రాసినవారు

మీ అనుమానం సరైనదే. ఆ కాలంలో ‘హ్యాపీనెస్’కు క్షేమం, మంచి జీవనం అనే అర్థం బలంగా ఉండేది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన ‘యుడైమోనియా’ను కూడా ఆంగ్లంలో తరచుగా ఇదే మాటతో అనువదిస్తారు, అది క్షణికమైన అనుభూతి కాదు, జీవితమంతా చక్కగా నడవడం. కఠోపనిషత్తు శ్రేయస్సునూ (నిజమైన మేలు) ప్రేయస్సునూ (ఇంపుగా తోచేది) విడదీసి చెప్పింది కదా, మీరు రాసిన ‘సుఖం’ ప్రేయస్సు వైపు మొగ్గుతోంది. నేనైతే ‘శ్రేయస్సు కోసం పాటుపడటం’ అని రాస్తాను.