చర్చ: ఈ-క్లాస్‌ను పొడవైన వీల్‌బేస్‌తో మాత్రమే అమ్మడం సబబేనా?

మిర్యాలగూడ మిల్లు

నేను కొన్నేళ్లుగా మెర్సిడెస్ ఈ-క్లాస్ కారును వాడుతున్నాను; కంపెనీ డబ్ల్యూ 212 అనే కోడ్‌తో పిలిచే తరంలోని ‘ఈ 250 సీడీఐ’ డీజిల్ రకం అది. డ్రైవర్‌ను పెట్టుకోలేదు, పెట్టుకునే ఆలోచన కూడా లేదు. దీన్ని మార్చే సమయం వచ్చింది కాబట్టి కొత్త ఈ-క్లాస్ వివరాలు చూశాను. చూసిన తర్వాత ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాలనిపించింది.

మెర్సిడెస్ 2017 ఫిబ్రవరిలో డబ్ల్యూ 213 తరాన్ని మన దేశానికి తెచ్చినప్పుడు, కుడిచేతి స్టీరింగ్ దేశాలన్నిటికంటే ముందుగా మనకే పొడవైన వీల్‌బేస్ కారును ఇచ్చింది. మామూలు కారులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2939 మి.మీ. ఉండగా, మనకు ఇచ్చిన దానిలో 3079 మి.మీ. ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన ప్రస్తుత తరంలో అది 3094 మి.మీ.కు చేరింది, కారు మొత్తం పొడవు 5092 మి.మీ. అయింది. ఎక్కువ శక్తి గల ఏఎంజీ రకాలను పక్కన పెడితే, 2017 నుంచి ఇక్కడ మామూలు పొడవున్న ఈ-క్లాస్ సెడాన్ కొనుక్కునే వీలే లేదు. నా కారు వీల్‌బేస్ 2874 మి.మీ. మాత్రమే. అంటే నేను ఈ-క్లాస్ నుంచి ఈ-క్లాస్‌కే మారినా, జానెడు పొడవు అదనంగా మోయవలసి వస్తుంది. ఆ జానెడూ పూర్తిగా నా వెనక కూర్చునేవారిదే.

చిన్నదైన సీ-క్లాస్‌కూ పెద్దదైన ఎస్-క్లాస్‌కూ మధ్య నిలిచినందువల్లనే ఈ కారు ఇంత మెప్పు పొందింది. నడిపేవారికి ఒక కన్ను, కూర్చునేవారికి ఒక కన్ను అన్నట్టు దాన్ని తీర్చిదిద్దారు. ఇప్పుడు రెండో కన్ను మాత్రమే మిగిలిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాలమూరు ప్రయాణికుడు

మిల్లు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే గాని, మీ చరిత్రతో నేను ఏకీభవించలేను. ఈ వరుస పుట్టినప్పటి నుంచీ వెనక సీటును చిన్నచూపు చూడలేదు. 1953లో వచ్చిన 180 మోడల్ మొదలుకొని, 1968 నాటి డబ్ల్యూ 115, 1976లో వచ్చిన డబ్ల్యూ 123 వరకు ఇవి జర్మనీలో పేరుపొందిన టాక్సీలు. టాక్సీలో ముఖ్యుడు ఎవరు? వెనక కూర్చున్నవాడే కదా! డబ్ల్యూ 123 దాదాపు 27 లక్షలు తయారైందంటే, అది డ్రైవింగ్ సరదా కోసం కొన్నవారి వల్ల కాదు. లక్షల కిలోమీటర్లు మొరాయించకుండా నలుగురిని మోసినందువల్ల.

పొడవైన రకం మన కోసం ప్రత్యేకంగా పుట్టిందీ కాదు. 2010లోనే చైనా కోసం బీజింగులో పొడవైన ఈ-క్లాస్ తయారీ మొదలైంది. అక్కడ యజమాని వెనక కూర్చుంటాడు, ఇక్కడా అంతే. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. నెలకొకసారి మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాదులోని ఆసుపత్రికి తీసుకువెళ్లి అదే రోజు తిరిగి తీసుకురావాలి. ఆమె కాళ్లు చాపుకోగలగడమే ఆ ప్రయాణంలో నాకు లగ్జరీ. మీరు జానెడు అంటున్నది ఆమెకు ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను.

మిర్యాలగూడ మిల్లు

అమ్మగారి విషయంలో ఎదురు చెప్పను. అయితే టాక్సీ చరిత్రతో పాటు మిగతా సగమూ చెప్పుకోవాలి. 1984 చివరలో వచ్చిన డబ్ల్యూ 124ను తీసుకోండి. అంతకు రెండేళ్ల ముందు 190 అనే చిన్న మెర్సిడెస్‌లో ప్రవేశపెట్టిన మల్టీ లింక్ వెనక సస్పెన్షన్‌ను, అంటే ఒక్కో చక్రాన్ని పలు కడ్డీలతో పట్టి ఉంచే ఏర్పాటును, దీనికి అమర్చారు. గుంతలో పడినా వెనక చక్రం నేలను వదలకుండా ఉండడం నడిపేవారి కోసం చేసిన పని. ఇదే కారులో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ పెట్టి, పోర్షే సాయంతో ‘500 ఈ’ అనే రకాన్ని తయారు చేశారు. 1993లో పేర్లు మార్చేవరకూ పేరు చివర ఉండే ‘ఈ’ అక్షరం ఇంజన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజక్షన్ పద్ధతికి గుర్తు. దాన్ని ముందుకు తెచ్చి ఈ 220 అన్నాక అదే వరుస పేరైంది. ఆ కారే 1995 నుంచి పుణెలో టెల్కో (నేటి టాటా మోటార్స్) ప్లాంటులో తయారై మన రోడ్ల మీదికి వచ్చింది. దాని వీల్‌బేస్ 2800 మి.మీ. ఆ రోజుల్లో దాన్ని ఇరుకు అన్నవారు నాకు తారసపడలేదు.

జర్మనీలో ఈ రోజుకూ మామూలు సెడాన్, వెనక సామాను స్థలం దాకా కప్పు సాగిన ఎస్టేట్, దాన్నే ఎత్తు పెంచిన ఆల్ టెరైన్ అన్నీ దొరుకుతాయి. మనకు ఒకే శరీరం, మూడు ఇంజన్లు: ఈ 200, ఈ 220డీ, ఈ 450. విడుదల నాటి షోరూమ్ ధర రూ. 78.5 లక్షల నుంచి రూ. 92.5 లక్షల వరకు ఉంది. అంత పెట్టేవాడికి ఎంచుకునే హక్కు ఉండొద్దా?

పైగా నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, తిప్పర్తి మీదుగా మా ఊరు వచ్చే దారి బాగానే ఉంటుంది గాని, అది దిగి ఊళ్లలోకి వెళ్తే ప్రతి మలుపులో ఎవరికి తోచిన ఎత్తులో వారు కట్టిన స్పీడ్ బ్రేకరే. పొడవాటి కారు కడుపు అక్కడ తగలక మానదు.

దేవరకొండ దారి

ఆల్ టెరైన్‌ను 2018లో రూ. 75 లక్షలకు ఇక్కడా తెచ్చారు. ఎత్తూ ఉంది, సామాను స్థలమూ ఉంది. ఇప్పుడు ఆ కారు మన షోరూముల్లో లేదు. ఎస్టేట్ ఆకారాన్ని చూడగానే అంబులెన్స్ అనే జనం మనవాళ్లు. ఎంపిక లేదని కంపెనీని తిట్టేముందు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

సూర్యాపేట స్పానర్

నేను కార్ల మరమ్మతు పనిలో ఉన్నవాడిని. కడుపు తగలడం గురించి మిల్లు గారు అంచనాతో మాట్లాడుతున్నారు కాబట్టి లెక్క వేసి చూద్దాం.

రెండు ఇటుకల మీద నిచ్చెన పెట్టినట్టు ఊహించుకోండి. ఇటుకలు దూరమైన కొద్దీ మధ్యలోని గుట్ట నిచ్చెనకు తగిలే అవకాశం పెరుగుతుంది. కారు దాటగలిగే గుట్ట కోణం రెండింటి మీద ఆధారపడుతుంది: ఇటుకల దూరం, అంటే వీల్‌బేస్, ఇటుకల ఎత్తు, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య జాగా. ఉదాహరణకు జాగా 140 మి.మీ. అనుకుంటే, ప్రస్తుత తరంలో జర్మనీ వారికి దొరికే 2961 మి.మీ. కారుకు ఆ కోణం సుమారు 10.8 డిగ్రీలు, మన 3094 మి.మీ. కారుకు సుమారు 10.3 డిగ్రీలు వస్తుంది. తేడా అర డిగ్రీ మాత్రమే. అదే పొట్టి కారులో నలుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను పెట్టి, కారు 30 మి.మీ. కుంగిందనుకోండి, కోణం 8.5 డిగ్రీలకు పడిపోతుంది. కాబట్టి కడుపు తగలడంలో పొడవు కంటే బరువుకూ ఎత్తుకూ పాపం ఎక్కువ. మా దగ్గరికి అడుగు గీరుకుని వచ్చే సెడాన్లలో పొట్టివే ఎక్కువగా చూశాను. నిండుగా ఎక్కించి, వేగం తగ్గించకుండా దాటించినవి.

పొడవు నిజంగా బాధించేది మలుపు తిప్పేచోట, ఇంటి గేటు దగ్గర. పొట్టి కారు ఒకేసారి తిరిగే ఇరుకు సందులో పొడవాటి కారు రెండుసార్లు రివర్సు అడుగుతుంది. మిల్లు గారు ఆ వాదన పట్టుకుని ఉంటే ఒప్పుకునేవాడిని.

ఇంకొక మాట. నేటి సీ-క్లాస్, అంటే 2022లో ఇక్కడికి వచ్చిన డబ్ల్యూ 206, వీల్‌బేస్ 2865 మి.మీ. మిల్లు గారి పాత ఈ-క్లాస్‌కు 9 మి.మీ. మాత్రమే తక్కువ. మీరు వెతుకుతున్న కారు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుంది.

పాలమూరు ప్రయాణికుడు

స్పానర్ గారి లెక్కకు నా వైపు నుంచి ఒకటి చేరుస్తాను. మన ఈ-క్లాస్ 3094 మి.మీ. అయితే, 2005లో వచ్చిన డబ్ల్యూ 221 ఎస్-క్లాస్ పొట్టి రకం 3035 మి.మీ. ఒకప్పటి ఎస్-క్లాస్ స్థలం ఈ-క్లాస్ ధరకు దొరుకుతోంది. ఇందులో నష్టపోయినవారు ఎవరు?

మిర్యాలగూడ మిల్లు

కడుపు విషయంలో నేను తప్పు. అర డిగ్రీ కోసం అంత గొడవ చేయవలసింది కాదు.

సీ-క్లాస్ విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోలేదు: నా కారు 1854 మి.మీ., డబ్ల్యూ 206 1820 మి.మీ. వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది. పాలమూరు గారు ‘నష్టపోయినవారు ఎవరు’ అన్నారు. తన చేతుల్తో నడుపుకుంటూ, ఇద్దరు పిల్లలనూ తల్లినీ వెనక కూర్చోబెట్టుకుని వెళ్లే నాలాంటివాడే. ఆయన లెక్కలో ఎస్-క్లాస్ కిందికి దిగింది, స్పానర్ గారి లెక్కలో ఈ-క్లాస్ సీ-క్లాస్‌గా మారింది. రెండూ కలిపితే మధ్యలో ఉన్న కొలత ఖాళీ అయిందనే కదా అర్థం?

ఆదివారం అమ్మనూ పిల్లలనూ తీసుకుని హైదరాబాదు వెళ్తున్నాను. ముందుగా సీ-క్లాస్ వెనక సీట్లో ముగ్గురినీ కూర్చోబెడతాను. అమ్మ ఊఁ అంటే సరే. కాదంటే పొడవు కారు తప్పదు; అప్పుడు మా ఇంటి గేటు ఒక అడుగు వెడల్పు చేయడానికి మేస్త్రీని పిలవాలి.

సూర్యాపేట స్పానర్

ఒక అడుగు చాలదు. గేటు ఎదుటి సందు వెడల్పు కొలిచి ఇక్కడ రాయండి, మేస్త్రీ సంగతి ఆ తర్వాత చూద్దాం.